పాట వేసే ముందు ధర చెప్పకండి

పోయిన నెల ఈ పేజీలో అమెరికన్ సోల్ సంగీతం (నల్లజాతి అమెరికన్ల చర్చి పాటలోంచి పుట్టినది) గురించి నాలుగు ముక్కలు రాస్తే, "తిరుపతిలో ఇవెవరు వింటారండీ" అని నవ్వినవాళ్ళే ఇప్పుడు ఉత్తరాలు తెచ్చి నా బల్ల మీద పడేసి పోతున్నారు. సగానికి పైగా ఒకటే సంగతి. కొత్తవాళ్ళకి పేరున్న పాట వేస్తే ఒక రకంగా ఉంటున్నారు, ఎక్కడా దొరకని రికార్డు వేస్తే ఇంకో రకంగా ఉంటున్నారు, ఎందుకని. అందుకే ఈ నెల వేరే ప్రశ్నలన్నీ పక్కన పెట్టాను. (హార్మోనియం మెట్లు అంటుకుపోతున్నాయని రాసిన చంద్రగిరి అన్నా, మీది వచ్చే నెల తప్పకుండా.)

ప్రశ్న: నేను బెంగళూరులో ఉద్యోగం చేస్తూ, ఇప్పుడు ఇంటి నుంచే పని కాబట్టి తిరుపతికి వచ్చేశాను. ఆరేళ్ళుగా సోల్ రికార్డులు కొంటున్నాను. సంక్రాంతికి బావలు, ఫ్రెండ్స్ వస్తే నా దగ్గరున్న వాటిలో అన్నిటికంటే అరుదైనది, ఏడు వేలు పెట్టి ఇంగ్లండు నుంచి తెప్పించిన చిన్న రికార్డు వేశాను. పాట సగం కాకముందే ఒకరి తర్వాత ఒకరు ఫోన్లు బయటికి తీశారు. విసుగొచ్చి, సోల్‌లో పెద్ద పేరున్న గాయకుడు ఒటిస్ రెడ్డింగ్ పాట పెడితే మా అత్తమ్మ వంటింట్లోంచి వచ్చి "ఇది బాగుంది, మళ్ళా పెట్టు నాయనా" అన్నారు. మావాళ్ళకి టేస్ట్ లేదా, తప్పు నాదేనా?
— బైరాగిపట్టెడ, తిరుపతి

జవాబు: తమ్ముడూ, ముందు మీ అత్తమ్మగారికి నా నమస్కారాలు చెప్పండి. ఆ సాయంత్రం మీ ఇంట్లో పాట విన్నది ఆవిడొక్కరే. మిగతావాళ్ళు మీ ముఖం చూస్తూ కూర్చుని ఉంటారు, ఎందుకంటే ముల్లు పెట్టే ముందే మీరు ఏడు వేల సంగతి చెప్పేసి ఉంటారు. నాకెలా తెలుసంటే నేనూ అదే చేశాను కాబట్టి.

మా భవానీనగర్ ఇంటి మేడ మీద గదిలో నెలకొక ఆదివారం కొంతమందిమి కూర్చుని పాటలు వింటాం, చాలా ఏళ్ళుగా. మొట్టమొదటి ఆదివారం నేనొక రికార్డు చేతిలో పట్టుకుని, ఇది ఎంత తక్కువగా అచ్చయింది, ఆ కంపెనీ ఎలా మూతపడింది, లేబుల్ రంగు ఎందుకు మారింది, నేను దీన్ని ఎవరి దగ్గర ఎంత బేరమాడి కొన్నాను, ఇదంతా పది నిమిషాలు ఏకధాటిగా చెప్పా. యూనివర్సిటీలో పాఠాలు చెప్పి రిటైరైన మాస్టారొకాయన, చేతిలో కాఫీ గ్లాసు కింద పెట్టి, "అబ్బయ్యా, పెండ్లికూతుర్ని చూపిస్తానని పిలిచి కట్నం లెక్కలు చదువుతా ఉండావే" అన్నాడు. అందరూ నవ్వారు. తర్వాత పాట వేస్తే ఎవరికీ ఎక్కలేదు. ఎక్కదు మరి, వాళ్ళు ఆ పాటలో నేను పోసిన డబ్బు ఎక్కడుందా అని వెతుక్కుంటున్నారు. డబ్బు రికార్డు గాడిలో ఉండదు కదా.

అయితే మీ ప్రశ్నలో నాకు బాగా నచ్చిన సంగతి ఇంకొకటుంది. ఇంగ్లండులోనో అమెరికాలోనో ఒక కొత్త కుర్రాడికి పేరున్న సోల్ పాట వేశారనుకోండి, వాడు "నాకీ సంగీతం తెలియదు" అన్నా సరే, ఆ పాట చిన్నప్పటి నుంచి కారు రేడియోలో, సినిమాల్లో, షాపుల్లో వాడి చెవిన పడే ఉంటుంది. వాడికి నచ్చింది పాటో అలవాటో విడదీసి చెప్పలేం. మన ఊళ్ళో ఆ చిక్కే లేదు. మీ అత్తమ్మగారికి ఒటిస్ రెడ్డింగ్ ఎంత కొత్తో, మీ ఏడు వేల రికార్డు పాడినాయన కూడా అంతే కొత్త. ఇద్దరూ ఆవిడ గుమ్మంలో ఊరూ పేరూ చెప్పకుండా నిలబడ్డారు. అయినా ఒకాయన వంటింటి దాకా వెళ్ళాడు, ఇంకొకాయన సోఫా కూడా దాటలేదు. పేరు వల్ల వచ్చిన తేడా అయితే కాదు.

నాకు తోచిన కారణాలు రెండు. మొదటిది, పేరున్న పాటల్లో చాలావాటిని కొత్తవాడి చెవికోసమే తయారు చేశారు. డెట్రాయిట్‌లో మోటౌన్ కంపెనీ పెట్టిన బెర్రీ గార్డీ అంతకుముందు కార్ల ఫ్యాక్టరీలో అసెంబ్లీ లైను మీద పనిచేశాడు. 1959లో ఇంట్లోవాళ్ళ దగ్గర 800 డాలర్లు అప్పు తీసుకుని కంపెనీ మొదలుపెట్టి, కారు బయటికి పోయే ముందు తనిఖీ చేసినట్టే పాటని కూడా తనిఖీ చేయించాడు. శుక్రవారం మీటింగు పెట్టి, కంపెనీలో పనిచేసేవాళ్ళని కూర్చోబెట్టి, నీ దగ్గర ఆఖరి డాలరు ఉంటే ఈ రికార్డు కొంటావా, శాండ్‌విచ్ కొంటావా అని అడిగేవాడు. (మన దగ్గరైతే ఎర్రకారం దోసెతో పోటీ పెట్టాలి, చాలా పాటలు ఓడిపోతాయి.) మిక్సింగ్ కూడా కారు రేడియోలో ఉండేలాంటి చిన్న స్పీకర్లో విని చూసేవాళ్ళు, కొనే కుర్రాళ్ళు వినేది అందులోనే కాబట్టి. అన్ని జల్లెళ్ళు దాటొచ్చిన పాట, సగం ధ్యాసతో ఉన్నవాణ్ణి కూడా మొదట్లోనే చొక్కా పట్టుకుని ఆపుతుంది. చిన్న ఊరి చిన్న కంపెనీ పాటకి ఆ తనిఖీ జరగలేదు. అందుకే దానికి ముక్కూ మొహం వేరుగా ఉంటుంది, ఆ తేడా అర్థమయ్యేది మాత్రం ముప్ఫై నలభై మామూలువి విన్నాకే.

రెండోది మీ దగ్గరున్న రకానికే చెందినది. ఇంగ్లండు నుంచి తెప్పించారు, అరుదైనది అంటున్నారు కాబట్టి అది నార్తర్న్ సోల్ రికార్డే, అంటే ఇంగ్లండు ఉత్తరాది డాన్సు క్లబ్బులు ఏరుకున్న పాత అమెరికా రికార్డే అయ్యుంటుంది. వాటిని ఏరింది చెవులు కాదండీ, కాళ్ళు! ఇంగ్లండు ఉత్తరాదిన ఫ్యాక్టరీ పనివాళ్ళు, వారమంతా ఒళ్ళు హూనం చేసుకున్న పిల్లలు, శనివారం రాత్రి మొదలుపెట్టి ఆదివారం పొద్దున దాకా చెక్కనేల మీద, కాళ్ళు జారడానికి టాల్కం పౌడరు చల్లుకుని మరీ ఆడిన పాటలవి. వేగంగా, ఒకటే దరువుతో ఉండాలి, అదే పరీక్ష. అలాంటిదాన్ని మీరు సంక్రాంతి మధ్యాహ్నం, అరిసెలు తిని సోఫాలో వాలిపోయిన బావలకి వేశారు. గంగమ్మ జాతరలో డప్పుల్ని రికార్డు చేసుకొచ్చి ఏసీ గదిలో కూర్చున్నవాళ్ళకి వినిపించినట్టు. డప్పుదీ తప్పు లేదు, బావలదీ లేదు.

ఈసారి ఏమీ చెప్పకుండా వేయండి. వీలైతే అందరూ నిలబడి ఉన్నప్పుడు, వంటలు వడ్డిస్తున్నప్పుడు. ఎవరైనా "ఇదెవరిది?" అని తలతిప్పి అడిగితే అప్పుడు కథ చెప్పండి. అడగకపోతే అటక మీద పెట్టుకుని ఒక్కరే వినండి, నేను అలా వినేవి చాలానే ఉన్నాయి.

ప్రశ్న: నేను మహిళా యూనివర్సిటీలో పీజీ చదువుతున్నా. అసలు సోల్ అంటే ఏంటి? నాకు ఇంగ్లీషు పాటల్లో మాటలు సగం అర్థం కావు, విని ఏం చేసేది? ఎక్కడ మొదలుపెట్టాలో మూడు పాటలు చెప్పండి, ముప్ఫై చెప్పొద్దు.
— తిరుపతి

జవాబు: ముప్ఫై చెప్పొద్దన్నావు, అక్కడే నువ్వు నాకు నచ్చావమ్మా.

సోల్ అంటే నల్లజాతి అమెరికన్ల చర్చి పాట గుడి గడప దాటి వీధిలోకి వచ్చిన రూపం. 1950లలో రే చార్లెస్ అనే అంధ గాయకుడు చర్చిలో పాడే గాస్పెల్ బాణీలో ప్రేమ మాటలు పెట్టి పాడాడు. భక్తులు మండిపడ్డారు, కుర్రాళ్ళు ఎగబడ్డారు. మన భజన బృందాలు సినిమా బాణీలో దేవుడి మాటలు పెడతాయి చూడు, ఆయన దానికి సరిగ్గా తిరగేసి చేశాడన్నమాట. ఇంకోటి, ఒకరు అనడం, అందరూ తిరిగి అనడం. అలిపిరి నుంచి మెట్లెక్కుతుంటే ముందున్నాయన "ఏడుకొండలవాడా" అంటాడు, వెనకున్న పాతికమంది "గోవిందా" అంటారు, నీకు కాళ్ళు నొప్పులున్నా నోరు దానంతటదే లేస్తుంది. సోల్ పాటలో ముందు గాయకుడు, వెనక కోరస్ అమ్మాయిలు ఆడేది ఆ ఆటే. 3,550 మెట్లు ఎక్కినవాళ్ళకి దాన్ని ప్రత్యేకంగా నేర్పక్కర్లేదు.

అరెథా ఫ్రాంక్లిన్ పాడిన రెస్పెక్ట్, 1967. ఈ పాట ముందు రాసి పాడింది ఒటిస్ రెడ్డింగే, 1965లో. ఆయన పాటలో ఒక మగవాడు పనిచేసి ఇంటికొచ్చి గౌరవం అడుగుతాడు. ఆవిడ చేతికొచ్చేసరికి అడిగేది ఆడమనిషి అయింది, ఆ మాటని అక్షరం అక్షరం విడగొట్టి పలకడం ఆవిడ కలిపిందే. రెండూ పక్కపక్కన విను. పాట ఒకటే, ఇంట్లో గొడవ మాత్రం పూర్తిగా తిరగబడింది.

ఒటిస్ రెడ్డింగ్ పాడిన డాక్ ఆఫ్ ది బే. రికార్డు చేసిన కొద్దిరోజులకే, 1967 డిసెంబర్ 10న, విమానం కూలి ఆయన చనిపోయాడు. 26 ఏళ్ళు. పాట మరుసటి నెల విడుదలై అమెరికాలో మొదటి స్థానానికి వెళ్ళింది. చివర్లో ఈల వేస్తాడు, ఆ ఈలకి ఏ భాషా అక్కర్లేదు.

మూడోది బిల్ విథర్స్ పాడిన ఐంట్ నో సన్‌షైన్, 1971. విమానాలకి మరుగుదొడ్లు తయారుచేసే ఫ్యాక్టరీలో పనిచేస్తూ చేసిన పాట. మధ్యలో "ఐ నో" అని 26 సార్లు అంటాడు. అక్కడ వేరే మాటలు రాద్దామనుకున్నాడట, పక్కనున్న వాద్యకారులు అలాగే వదిలెయ్ అన్నారు. ఇంగ్లీషు అర్థం కాదన్నావు కదా, ఇందులో అర్థం కావాల్సింది రెండు మాటలు, అవి నీకు ఎల్‌కేజీలోనే వచ్చు.

అరుదైనవాటి జోలికి ఇప్పుడే పోకు. పోవాలనిపించినప్పుడు నిన్ను ఆపేవాళ్ళు ఉండరు, అది వేరే సంగతి.

ప్రశ్న: అయ్యా, నా వయసు డెబ్బై రెండు. చిత్తూరు పక్కన పల్లెల్లో పాతికేళ్ళు మైకుసెట్టు నడిపినాను. పెళ్ళిళ్ళకి, జాతర్లకి హారన్లు కట్టి రికార్డులు వేసేవాణ్ణి. మా కాలంలో జనం అడిగి అడిగి వేయించుకున్న రికార్డు అరిగిపోయేది, ఎవరూ అడగనిది కొత్తదాని మాదిరే పెట్టెలో ఉండిపోయేది. మీరేమో ఎవరూ అడగని రికార్డుకి లక్షలిస్తారని రాసినారు. అమ్ముడుపోని సరుక్కి రేటు పెరగడం ఏ వ్యాపారంలోనైనా ఉందా?
— చిత్తూరు

జవాబు: పెద్దాయనా, మీరు ఒక్క ముక్కలో తేల్చేసిన దానికి నేను పోయిన నెల రెండు పేజీలు రాశాను. అరిగిపోయిందే క్లాసిక్, అంతకంటే మంచి నిర్వచనం నాకు దొరకలేదు. కొత్తవాళ్ళ మీద ఏ పాట పనిచేస్తుందో మీకు తెలిసినంతగా రికార్డులు పోగేసేవాడికి తెలియదు, ఎందుకంటే మీ ముందు కూర్చున్న జనానికి పాట నచ్చకపోతే అప్పటికప్పుడు వచ్చి మీ మొహం మీదే చెప్పేవాళ్ళు.

అయినా మీ వ్యాపారం ప్రశ్నకి జవాబుంది. అమ్ముడుపోని సరుకులో రెండు రకాలు. బాగాలేక పోనిది ఒకటి, అంగడి దాకా చేరక పోనిది ఒకటి. 1960లలో అమెరికాలో ఊరికో చిన్న రికార్డు కంపెనీ ఉండేది, కొద్దిపాటి కాపీలు అచ్చేసుకుని, వాటిని కారు డిక్కీలో వేసుకుని రేడియో స్టేషన్ల చుట్టూ తిరిగేవాళ్ళు. రేడియోవాడు వేయకపోతే అంతే. పాట చచ్చినట్టే. గ్లోరియా జోన్స్ అనే అమ్మాయి 1960ల మధ్యలో టెయింటెడ్ లవ్ అని ఒకటి పాడింది, అదీ రికార్డు రెండో వైపున పడింది, ఎవరూ పట్టించుకోలేదు. 1973లో ఒక ఇంగ్లండు డీజే అమెరికా వెళ్ళి పాత సరుకు తవ్వుతుంటే అది దొరికింది. తీసుకొచ్చి ఉత్తరాది క్లబ్బుల్లో వేస్తే జనం దాని మీద ఊగిపోయారు. ఆ వేడిలోంచే 1981లో సాఫ్ట్ సెల్ అనే బ్యాండు దాన్ని మళ్ళీ పాడితే బ్రిటన్లో నెంబర్ వన్. సరుకు అదే, అంగడి మారింది.

ఇక రేటు. ఫ్రాంక్ విల్సన్ అనే ఆయన 1965లో మోటౌన్‌లో ఒక పాట పాడాడు, పేరు డు ఐ లవ్ యు. ప్రచారం కోసం ముందుగా వేసిన ప్రోమో కాపీలు దాదాపు అన్నీ నాశనం చేసేశారు, ఆయన పాడటం మాని పాటలు రాయడం, రికార్డింగులు చేయించడం వైపు వెళ్ళిపోయాడు. మిగిలినవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. 2009లో అందులో ఒక కాపీ 25,742 పౌండ్లకి పోయింది. ఆ పాట బాగుంటుంది, నిజంగానే బాగుంటుంది, కానీ ఆ డబ్బు పాటకిచ్చింది కాదు, పక్కింటివాడి దగ్గర లేదన్న సంతోషానికిచ్చింది. మీ వ్యాపారంలోనూ ఉండేదిగా, ఫలానా రికార్డు జిల్లా మొత్తానికి మన సెట్టువాడి దగ్గరే ఉంది అని! ఆ డీజేలు ఇంకా ముదుర్లు. పక్క క్లబ్బువాడు పేరు చదివి ఇంకో కాపీ తెచ్చుకోకుండా లేబుల్ మీద తెల్లకాగితం అంటించి, దొంగపేరు పెట్టి వేసేవాళ్ళు. మీరెప్పుడైనా అలా చేశారా? చేసుంటే రాయండి, పేరు వేయం.

ప్రశ్న: హైదరాబాద్‌లో నా ఫ్రెండ్ ఒకడు "హిట్ పాటలు వినేవాళ్ళకి సంగీతం తెలియదు, అసలు సోల్ అంతా అరుదైన వాటిలోనే ఉంది" అంటాడు. నాకేమో హిట్ పాటలే నచ్చుతున్నాయి. వాడి ముందు టెన్షన్‌గా ఉంటోంది.
— శ్రీకాళహస్తి

జవాబు: మీ ఫ్రెండ్‌కి కొన్నాళ్ళు దూరంగా ఉండండి. సరదాకి అంటున్నానులెండి. కానీ అతని మాటలో తప్పెంతో ఒప్పెంతో చూద్దాం.

2006లో 'సైన్స్' అనే పత్రికలో ఒక ప్రయోగం వచ్చింది. ఎవరికీ తెలియని బ్యాండ్ల పాటలు 48 తీసుకుని 14,341 మందికి ఇంటర్నెట్‌లో వినిపించారు. కొందరికి పాటల పేర్లు మాత్రమే, మిగతావాళ్ళకి ఏ పాటని ఎంతమంది డౌన్‌లోడ్ చేసుకున్నారో ఆ అంకె కూడా చూపించారు. అంకె చూసేవాళ్ళని మళ్ళీ ఎనిమిది గుంపులుగా విడగొట్టారు, ఒక గుంపు అంకెలు ఇంకో గుంపుకి తెలియవు. ఏం తేలిందంటే, అంకె కనిపించిన చోట హిట్లు ఇంకా పెద్ద హిట్లయ్యాయి, పైగా ఒక గుంపులో పైకొచ్చిన పాట ఇంకో గుంపులో కింద పడింది. మరీ మంచివి అరుదుగా చతికిలపడ్డాయి, మరీ చెత్తవి అరుదుగా నెగ్గాయి, ఆ మధ్యలో ఉన్నవాటికి ఏదైనా జరగొచ్చు.

అంటే హిట్ కాని వాటిలో మంచివి ఉన్నాయన్నది నిజం. హిట్ అయినవి అందుకే తక్కువవి అన్నది మాత్రం కోత. మీ ఫ్రెండ్ కూడా అంకె చూసే వింటున్నాడు, తక్కువ అంకె కోసం వెతుకుతున్నాడు, అంతే తేడా.

మన ఊరి సంగతే చూడండి. అన్నమయ్య ముప్ఫై రెండు వేల సంకీర్తనలు చెప్పాడంటారు, రాగిరేకుల మీద మిగిలినవి పన్నెండు వేల పైచిలుకు. తిరుమల గుడిలో సంకీర్తన భాండారంలో ఆ రేకులు కొన్ని శతాబ్దాలు జనం చెవికి దూరంగా పడి ఉన్నాయి. 20వ శతాబ్దంలో వాటిని వెలికితీసి, వేటూరి ప్రభాకరశాస్త్రి గారి లాంటి పండితులు పరిష్కరించి, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ గారి లాంటివాళ్ళు స్వరాలు కట్టాకే అవి మన నోటికొచ్చాయి. రేకుల మీద రాగం పేరుందే గానీ బాణీ లేదు. ఇప్పుడు తిరుపతిలో నిలబెట్టి ఎవర్నడిగినా పది పన్నెండు కీర్తనలు చెప్తారు. అవి గొప్పవి కావా? మిగతా పన్నెండు వేలూ పనికిరానివా? రెండింటికీ కాదనే అంటారు మీరు. ఆ పది పన్నెండుకే సరిపెట్టుకున్న మనిషిని "నీకు అన్నమయ్య తెలియదు పో" అంటే వినడానికి ఎలా ఉంటుందో మీ ఫ్రెండ్‌ని అడగండి.

నా అభిప్రాయం చెప్పమంటే, అరుదైన సోల్ రికార్డుల్లో సగానికి పైగా అరుదుగా ఉండటమే మంచిది. నా అలమరలోవి కలిపే చెప్తున్నా.

ప్రశ్న: అసలు రికార్డులే కొనాలా? ఫోన్‌లో వింటే నేరమా? మా ఎండలకి రికార్డులు వంగిపోతాయని కూడా అంటున్నారు.
— రేణిగుంట

జవాబు: ఫోన్‌లో వినండి, ఏ నేరమూ లేదు. కొత్తవాళ్ళని మొదట ఫోన్‌లోనే వినమంటాను. కొనాలనిపిస్తే, పాత పాటల్ని మళ్ళీ అచ్చేసే కంపెనీలున్నాయి, ఆ కొత్త ముద్రణలు కొనుక్కోండి. మొదటి ముద్రణ కోసం అప్పు చేయొద్దు. ఎండకి వంగడం నిజమే, మే నెలలో కారులో వదిలేశారంటే వెనక్కొచ్చేసరికి అప్పడం. పుస్తకాల్లాగా నిలువుగా పేర్చండి, ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టొద్దు. ఇంకొకటి, అమెరికా చిన్న రికార్డులకి, అవే నిమిషానికి 45 చుట్లు తిరిగేవి, మధ్యలో పెద్ద రంధ్రం ఉంటుంది, మన ప్లేయర్ కమ్మీకి వదులుగా ఉంటాయి. మధ్యలో పెట్టే ప్లాస్టిక్ బిళ్ళ విడిగా అడిగి తీసుకోండి. అది లేక ఒక నెలంతా నేను అట్టముక్క కత్తిరించి పెట్టుకున్నాను, గాయకుడు తాగి పాడినట్టు వినిపించేది.

ప్రశ్న: మా ఆయనకి ఈ పిచ్చి పట్టి నాలుగేళ్ళు. ఆదివారం వస్తే పిల్లలిద్దరినీ కూర్చోబెట్టి ఎవరికీ తెలియని పాటలు వరుసగా పదిహేను వేస్తారు. పిల్లలు బాత్రూంలో దాక్కుంటున్నారు. పాటలు నిజంగా బాగాలేవా, మాకే అర్థం కావడం లేదా?
— పేరు వద్దు, తిరుపతి

జవాబు: అమ్మా, పదిహేను వరుసగా అంటే నేను కూడా బాత్రూంలోనే ఉంటాను.

కొత్త చెవికి ఒక పాట పట్టాలంటే అది మళ్ళీ మళ్ళీ వినపడాలి. జయాన్స్ అనే సైకాలజిస్టు 1968లోనే చూపించాడు, మనిషికి ఒక వస్తువు పదేపదే ఎదురైతే చాలు, వేరే లాభమేమీ లేకపోయినా దాని మీద ఇష్టం పెరుగుతుందని. పేరున్న పాటకి ఆ పని లోకమే చేసిపెడుతుంది, బస్సులోనో రీల్‌లోనో ఎక్కడో ఒకచోట మళ్ళీ తగులుతుంది. అరుదైన పాటకి ఆ అదృష్టం లేదు, ఇంట్లో వేసినప్పుడే రెండోసారి. మీవారు చేస్తున్న పొరపాటు అక్కడే, ఏ పాటకీ రెండోసారి ఇవ్వడం లేదు. వారం వారం కొత్త పదిహేను మందిని పిల్లల ముందు నిలబెట్టి నమస్కారం పెట్టిస్తే ఎవరు గుర్తుంటారు?

ఆయనకి ఇలా చెప్పండి. వారానికి నాలుగే పాటలు. మొదట పిల్లలకి తెలిసినది ఒకటి, తెలుగుదైనా సరే. తర్వాత పేరున్న సోల్ పాట రెండు. ఆ తర్వాత ఆయన ముద్దుల రికార్డు ఒకటి, వచ్చే వారం కూడా అదే. మూడు వారాలకీ పిల్లలు దాన్ని పట్టించుకోకపోతే మార్చేయాలి, వాదించకూడదు. రికార్డు మీద ముల్లు పెట్టే పని పిల్లలకే ఇవ్వండి. గీత పడుతుందని ఆయన గుండె పట్టుకుంటారు, పట్టుకోనివ్వండి.

ప్రశ్న: కొత్తవాళ్ళ మీద అరుదైన రికార్డులు పనిచేయవు అని మీరు పోయిన నెల రాశారు. తప్పు. మా అవ్వకి ఎనభై దాటాయి. నేను పేరున్న పాటలు ఎన్ని వేసినా "ఊ" అనేది, విసనకర్ర ఆపేది కాదు. ఒకరోజు నా దగ్గరున్న ఎవరికీ తెలియని నిదానం పాట ఒకటి వేశాను, గాయకుడు పాడుతూ పాడుతూ చివర్లో గొంతు పగిలి అరిచేస్తాడు. అవ్వ విసనకర్ర ఆపింది. "వీడికి ఎవరు పోయినార్రా" అని అడిగింది. పాట ప్రేమ గురించి అవ్వా, అమ్మాయి వదిలేసి పోయింది అంటే, "అదేలే, పోయిందే కదా" అని మళ్ళీ వేయమంది. దీనికేమంటారు?
— పుత్తూరు

జవాబు: ఏమంటాను, ఒప్పుకుంటాను. పోయిన నెల రాసేటప్పుడు నా మనసులో ఉన్నది ఆ వేగం పాటలే, డాన్సర్లు ఏరినవి. నిదానం పాటల సంగతి మర్చిపోయాను. వాటిని ఇష్టపడేవాళ్ళు డీప్ సోల్ అంటారు, చర్చికి అన్నిటికంటే దగ్గరగా ఉండేది ఆ రకమే. పాడేవాడు మాట వదిలేసి గొంతుతోనే ఏడ్చే చోటు ఒకటి ఉంటుంది అందులో. మోటౌన్ శుక్రవారం మీటింగులో అలాంటి చోటు వస్తే తగ్గించమని ఉండేవాళ్ళేమో, అది నా ఊహ. చిన్న కంపెనీ స్టూడియోలో ఆపేవాళ్ళు లేక మిగిలిపోయింది.

మీ అవ్వ చావింట్లో శోకాలు విన్న మనిషి. మన పల్లెల్లో చనిపోయినవాళ్ళని తలుచుకుంటూ ఆడవాళ్ళు రాగం తీసి ఏడుస్తారే, ఆ రాగం ఎక్కడ మాటలోంచి జారి ఉత్త గొంతు అవుతుందో ఆవిడకి తెలుసు. ఆ గాయకుడిలో ఆవిడ పట్టుకున్నది అదే. ఆవిడకి పేరున్న పాటలన్నీ మర్యాదగా కనిపించి ఉంటాయి, నిజానికి అవి మర్యాదగానే ఉంటాయి. ఇన్నేళ్ళు మా మేడ మీద ఇరవై ముప్ఫై ఏళ్ళవాళ్ళని కూర్చోబెట్టి, కొత్తవాళ్ళు ఇలా వింటారు అలా వింటారు అని సూత్రాలు కట్టుకున్నాను. ఎనభై ఏళ్ళ కొత్త మనిషి ఒక్కరూ నాకు తగల్లేదు.

ఆ రికార్డు తీసుకుని వచ్చే నెల మొదటి ఆదివారం రండి. గాయకుడి పేరు నాకు కూడా ముందు చెప్పకండి. వీలైతే అవ్వని తీసుకురండి, మా మెట్లు పదహారే, పక్కన పట్టుకోవడానికి కమ్మీ ఉంది, ఫ్యాను కింద కుర్చీ ఆవిడకే.